పనివారి పసిబిడ్డలు - పన్ను రాయితీలు
బ్రిటన్ పద్ధతి నుండి మన నేతవారు గ్రహింపదగినది

మగ్గము గుంతలో దిగిన తల్లికి ఒక చెవి నాడె మీదను, ఒక చెవి ఉయ్యాల మీదను ఉండునన్నది మన ఇండ్లలో ఎల్లరకు తెలిసిన సంగతి. తెగిన పడుగు పోగును అతుకవచ్చును గాని, బిడ్డ ఏడుపుకు లేచిన గడియ తిరిగి రాదు. బరంపురము నుండి యానాము దాకా, సేలము నుండి షోలాపురము, భివండి దాకా మన కుటుంబములు ఎక్కడ స్థిరపడినను ఈ చిక్కు ఒక్కటే. 2019-20 సంవత్సరములో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారము ఈ వృత్తిలో 35 లక్షలకు పైగా పనివారు ఉన్నారు. వారిలో నూటికి 70 మందికి మించి స్త్రీలే. కాబట్టి బిడ్డను ఎవరు చూడవలెను, ఆ ఖర్చు ఎవరు భరించవలెను అన్న ప్రశ్న మన వృత్తికి పక్క విషయము కాదు. నూలు ధర ఎంత ముఖ్యమో ఇదియు అంత ముఖ్యము.

కొన్ని దేశములలో ప్రభుత్వము ఈ ఖర్చుకు నేరుగా డబ్బు ఇయ్యక, యజమాని ద్వారా సాయము చేయించి, ఆ సాయము మీద పన్ను వదలివేయును. పన్ను అనగానే మనకు సంబంధము లేని విషయమని పాఠకులు పుట తిప్పవద్దని మనవి. ఆ పద్ధతి ఎవరికి అందినది, ఎవరిని దాటిపోయినది అని చూచినచో, రేపు మన సంఘములు ప్రభుత్వమును ఏమి అడుగవలెనో, ఏమి అడుగరాదో తేటపడగలదు. అందుకు బ్రిటన్ చరిత్ర మంచి పాఠము.

1. సాయము కూడ జీతమేనా?

ముందు ఒక మూల సూత్రము గ్రహింపవలెను. యజమాని పనివానికి ఇచ్చునది రొక్కమే కానక్కరలేదు. ఇల్లు ఇయ్యవచ్చును, బియ్యము ఇయ్యవచ్చును, బిడ్డను చూచు చోటు ఇయ్యవచ్చును. రొక్కము మీద మాత్రమే పన్ను వేసి మిగిలినవి విడిచిపెట్టినచో, జీతమంతయు వస్తు రూపములోనికి మారిపోవును. అందుచేత చాల దేశముల పన్ను చట్టములు వస్తు రూపములో ఇచ్చిన లాభమును కూడ జీతముగానే లెక్కించును. ప్రత్యేకముగా మినహాయింపు వ్రాసిన వాటికే పన్ను ఉండదు.

ఈ సూత్రము ప్రకారము యజమాని తన ఖర్చుతో నడుపు శిశుగృహములో ఉద్యోగి బిడ్డకు చోటు ఇచ్చినచో, దాని వెల ఉద్యోగి జీతములో చేరును. బిడ్డను అక్కడ విడిచినందుకు తల్లి పన్ను కట్టవలసి వచ్చును.

2. బ్రిటన్‌లో జరిగినది

పని స్థలములో బిడ్డలను చూచుట ఆ దేశములో కొత్త కాదు. స్కాట్లండులోని న్యూ లానార్క్ నూలు మిల్లులో రాబర్ట్ ఓవెన్ 1816 జనవరి 1న తెరచిన విద్యాలయములో నడక నేర్చిన పసివారిని కూడ చేర్చుకొనెడివారు. నూలు వడకు పనివారి బిడ్డల కొరకు పుట్టిన ఏర్పాటు అది.

పన్ను సంగతి చాల కాలము తరువాత ముందుకు వచ్చినది. 1990కి పూర్వము, ఏటికి 8,500 పౌన్లు లేక అంతకు మించి సంపాదించు ఉద్యోగికి యజమాని నర్సరీలో ఇచ్చిన చోటును పన్ను కట్టవలసిన లాభముగా లెక్కించెడివారు. ఆ 8,500 పౌన్ల గీత 1979లో గీసినది. జీతములు పెరుగుచు పోయినను గీత కదలలేదు. కనుక ఏటేట ఎక్కువ మంది తల్లులు దాని క్రిందికి వచ్చినారు. 1990 బడ్జెటులో నాటి ఆర్థిక మంత్రి జాన్ మేజర్ పని స్థలములోని నర్సరీకి ఈ పన్ను తీసివేసినారు.

ఈ మినహాయింపు నేటికిని ఉన్నది. దీనికి డబ్బు పరిమితి లేదు గాని షరతులు ఉన్నవి. నర్సరీ ఒకరి నివాసగృహములో ఉండరాదు. దానికి తగిన రిజిస్ట్రేషను ఉండవలెను. ఆ సదుపాయము పనివారందరికి తెరచి ఉండవలెను, పై అధికారులకు మాత్రమే కాదు. పలువురు యజమానులు కలిసి ఒకే నర్సరీ పెట్టవచ్చును. అయితే ప్రతి యజమానియు దాని ఖర్చులోను, నిర్వహణలోను నిజమైన పాలు పంచుకొనవలెను. బజారులో ఉన్న నర్సరీకి రుసుము కట్టి చేతులు దులుపుకొనినచో ఈ మినహాయింపు దొరకదు.

చిన్న యజమానులు సొంత నర్సరీ పెట్టలేరు. వారి కొరకు 2005 ఏప్రిల్ 6 నుండి రెండవ మార్గము తెరచినారు. యజమాని ఉద్యోగికి పిల్లల సంరక్షణ వోచరు, అనగా పిల్లల సంరక్షణకు మాత్రమే చెల్లు చీటీ, ఇయ్యవచ్చును. వారమునకు 50 పౌన్ల వరకు దానిమీద ఆదాయపు పన్ను గాని, మన ఈఎస్ఐ వంటి జాతీయ బీమా చందా గాని ఉండదు. మరుసటి ఏడు ఈ పరిమితి వారమునకు 55 పౌన్లు, అనగా నెలకు 243 పౌన్లు అయినది. ఇది ఉద్యోగి ఒకరికి ఇంత అని గాని, బిడ్డ ఒకరికి ఇంత అని కాదు. తల్లియు తండ్రియు ఇద్దరును ఉద్యోగులైనచో ఇద్దరికిని దొరికెడిది.

3. లెక్క ఎట్లు నడచినది

2018 నాటి లెక్క చూతము. సామాన్య జీతగానికి పన్ను నూటికి 20, బీమా చందా నూటికి 12, వెరసి 32 కోత. నూరు పౌన్ల జీతములో ఇంటికి చేరునది 68. ఆ 68తోనే నర్సరీ రుసుము కట్టవలెను. అట్లు గాక, ఉద్యోగి నూరు పౌన్ల జీతము వదలుకొని దానికి బదులు నూరు పౌన్ల వోచరు పుచ్చుకొనినచో, నూరును నర్సరీకి చేరును.

నెలకు 243 చొప్పున ఏటికి 2,916 పౌన్లు. అందులో నూటికి 32 వంతున ఉద్యోగికి మిగిలినది సుమారు 933 పౌన్లు. యజమాని తన వంతుగా కట్టవలసిన బీమా చందా నూటికి 13.8 కూడ తప్పినది. కనుక అతనికిని ఉద్యోగి ఒకరికి ఏటికి సుమారు 402 పౌన్లు మిగిలినది. అందుచేతనే చాలమంది యజమానులు ఈ పథకమును ఉత్సాహముతో పెట్టినారు. 2011 ఏప్రిల్ 6 తరువాత చేరిన పెద్ద జీతగాండ్రకు పరిమితి తగ్గించి, వారి లాభము సామాన్యుని లాభమును మించకుండ చేసినారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా మనసులో ఉంచుకొనవలెను. ఆ ఉద్యోగికి లాభము యజమాని జేబునుండి రాలేదు. తన జీతమును తానే వదలుకొని, ప్రభుత్వమునకు పోవలసిన 32ను మిగుల్చుకొన్నాడు. పన్ను కట్టువానికే అది లాభము.

4. ఎవరికి అందలేదు?

మొదటివారు, అతి తక్కువ కూలి వారు. జీతము వదలుకొని వోచరు తీసుకొనుట వలన రొక్కము కనీస వేతనమునకు దిగువకు పోరాదని చట్టము. అది మంచి రక్షణయే. కాని కనీస వేతనము మీదనే బ్రతుకు తల్లికి వదలుకొనుటకు ఏమియు లేదు. కనుక వోచరును లేదు. అవసరము ఎక్కువ గల చోటనే సాయము ఆగిపోయినది.

రెండవవారు, పథకము పెట్టని యజమాని వద్ద పనిచేయువారు. పథకము పెట్టుట యజమాని ఇష్టము. ఒకే వీథిలో రెండు కార్ఖానాలు ఉన్నచో ఒకదానిలోని తల్లికి సాయము, పక్కదానిలోని తల్లికి లేమి.

మూడవవారు మనకు దగ్గరవారు. సొంతముగా పనిచేసుకొనువారు. వారికి యజమాని లేడు, జీతము లేదు. కనుక వదలుకొనుటకు జీతమును లేదు, వోచరు ఇచ్చువారును లేరు. దీనికి నేత పనిలోనే ఉదాహరణ ఉన్నది. స్కాట్లండుకు పడమట ఔటర్ హెబ్రిడీస్ దీవులలో నేయు హారిస్ ట్వీడ్ అను ఉన్ని బట్టకు 1993లో ప్రత్యేక చట్టము చేసినారు. ఆ దీవుల ఉన్ని మిల్లులలో రంగు వేసి వడకిన నూలుతో, దీవివాసులు తమ ఇండ్ల వద్దనే నేసిన బట్టకే ఆ పేరు చెల్లును. మిల్లు పడుగు దూలమును, పేక నూలును ఇంటికి పంపును. నేతగాడు కాలితో తొక్కు మగ్గము మీద నేసి తిరిగి పంపి, నేసినదానికి కూలి తీసుకొనును. మన మాస్టరు వీవరు పద్ధతి తెలిసినవారికి ఇంతకంటె వివరింప పనిలేదు. ఆ మిల్లు వోచరు పథకము పెట్టినచో, ఆఫీసులో లెక్కలు వ్రాయు గుమాస్తాకు వోచరు దొరకును. బట్టను నేయు నేతగానికి దొరకదు. చట్టము అతనిని సొంత పనివానిగా ఎంచును గనుక. బట్టకు పేరు తెచ్చినది అతని చేయి. సాయము మాత్రము జీతపు పట్టీని చూచి పోయినది.

5. వారు దిద్దుకొన్న తీరు

ఈ లోపములు గమనించి బ్రిటిష్ ప్రభుత్వము 2017 ఏప్రిల్ నుండి వేరొక పద్ధతి తెచ్చినది. దీనికి యజమాని అక్కరలేదు. తల్లిదండ్రులు ఒక ఖాతా తెరచి అందులో 8 పౌన్లు వేసినచో, ప్రభుత్వము 2 పౌన్లు కలుపును. బిడ్డ ఒకరికి ఏటికి 2,000 పౌన్ల వరకు, అంగవైకల్యము గల బిడ్డకు 4,000 వరకు కలుపును. సొంత పనివారికిని ఇది వర్తించును. పాత వోచరు పథకములలో కొత్తవారిని చేర్చుకొనుట 2018 అక్టోబరు 4తో ఆగినది. అప్పటికే ఉన్నవారు అదే యజమాని వద్ద కొనసాగవచ్చును గాని, రెండు సాయములు ఒకేసారి పొందరాదు.

ఇందులో ముఖ్యమైనది మరొకటి ఉన్నది. పేరుకు ఇది పన్ను లేని సంరక్షణ. వాస్తవమునకు పన్ను కట్టనివారికిని అందును. తల్లిదండ్రులలో ప్రతివారును వారమునకు 16 గంటల కనీస వేతనమునకు సరిపడ సంపాదింపవలెను. 2025-26లో కనీస వేతనము గంటకు 12.21 పౌన్లు. అనగా ఏటికి 10,158 పౌన్ల పైచిలుకు. ఆదాయపు పన్ను మొదలగునది 12,570 పౌన్లు దాటిన తరువాత. కనుక ఏటికి 11,000 సంపాదించు తల్లి ఆదాయపు పన్ను కట్టకపోయినను ఆ 2 పౌన్లు ఆమెకు వచ్చును. సొంత పని కొత్తగా పెట్టినవారికి మొదటి ఏడాది ఈ కనీస ఆదాయపు నిబంధనను సడలించినారు.

ఇదియు సంపూర్ణము కాదు. ముందు 8 పౌన్లు చేతిలో ఉండవలెను. మూడు నెలలకొకసారి ఖాతాలో తమ వివరములు తిరిగి ధ్రువపరుపవలెను. అయినను సాయము జీతపు పట్టీని విడిచి బిడ్డ వెంట నడచుట పెద్ద మార్పు.

6. మన దేశములో ఏమున్నది?

మన దేశములో చట్టము పన్ను వైపు నుండి గాక, చోటు వైపు నుండి వచ్చినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 50 మందికి మించి స్త్రీలు పనిచేయు కార్ఖానాలో ఆరేండ్ల లోపు బిడ్డలకు శిశుగృహము ఉండవలెనని విధించినది. 1976 సవరణతో ఆ సంఖ్య 30 అయినది. స్త్రీలను లెక్కించి విధి మోపుట వలన, ఆ సంఖ్య దాటకుండ స్త్రీలను పనిలోనికి తీసుకొనుట తగ్గించుటకు అవకాశము ఏర్పడినది. 2017లో ప్రసూతి సౌకర్యముల చట్టమునకు చేసిన సవరణ, స్త్రీ పురుషులను కలిపి 50 మంది ఉన్న ప్రతి సంస్థకును శిశుగృహము విధించినది. నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినవి. వాటిలోని 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలో ఈ 50 మంది విధి చేరినది. తల్లి విరామ సమయముతో కలిపి రోజుకు నాలుగు మార్లు బిడ్డను చూచి రావచ్చును. కొన్ని సంస్థలు కలిసి ఉమ్మడి శిశుగృహము పెట్టుకొనుటకును ఆ స్మృతి వీలు కల్పించినది.

పన్ను వైపు సాయము జీతగాండ్ర కొరకే ఉండెడిది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము క్రింద యజమాని ఇచ్చు పిల్లల చదువు భత్యములో నెలకు బిడ్డ ఒకరికి రు. 100 చొప్పున ఇద్దరు బిడ్డల వరకు మినహాయింపు ఇచ్చినారు. మజూరి మీద నేయువారికి అది భత్యము కాదు, వర్తించదు. ఇక సహకార సంఘముల సంగతి. అదే చట్టము 80పి అధికరణ కుటీర పరిశ్రమ నడుపు సహకార సంఘపు లాభమునకు పూర్తి మినహాయింపు ఇచ్చినది. పన్నే లేని సంఘమునకు శిశుగృహపు ఖర్చు మీద మరొక పన్ను రాయితీ ఇచ్చినను దానితో వచ్చునది సున్నయే.

7. మనము గ్రహింపదగినది

పై విషయములన్నియు కలిపి చూచినచో ఒక్క సంగతి తేలుచున్నది. పన్ను ద్వారా ఇచ్చు సాయము పన్ను కట్టువానిని చేరును. యజమాని ద్వారా ఇచ్చు సాయము యజమాని ఉన్నవానిని చేరును. ఇంటి మగ్గము మీద నేయు మన అక్కచెల్లెండ్రకు ఈ రెండును లేవు. కనుక మన సంఘములు పన్ను రాయితీ అడుగుటలో శక్తి వెచ్చింపక, బిడ్డకు చోటును, దానిని నడుపుటకు రొక్కమును అడుగవలెను.

మరమగ్గముల షెడ్లలో పనిచేయువారికి ఒక హెచ్చరిక. యజమాని వచ్చి, "శిశుగృహము పెట్టెదను, మజూరిలో నెలకు రు. 600 తగ్గించుకొందును, విదేశములలో ఇదే పద్ధతి" అని చెప్పవచ్చును. అచ్చట జీతము వదలుకొన్నవానికి నూటికి 32 పన్ను, చందాలు తప్పినవి. నెలకు రు. 9,000 మజూరి గల తల్లి ఆదాయపు పన్ను కట్టదు. ఆమె వదలిన రు. 600లో పన్నుగా మిగులునది ఏమియు లేదు. అనగా శిశుగృహము ఖర్చు ఆమెయే కట్టినట్లు. అచ్చట కనీస వేతనమునకు తగ్గరాదన్న కట్టు ఉన్నదని కూడ మరువరాదు. మజూరి తగ్గింపు మాట వచ్చినప్పుడు ఈ లెక్క వేసి చూపి, తరువాత సమాధానము చెప్పవలెను.

చేయదగిన పనులు ఇవి. మొదటిది, లెక్క. ప్రతి పేటలోను ఆరేండ్ల లోపు బిడ్డలు ఎందరు, తల్లులు ఏ పనిలో ఉన్నారు అని ఒక పుస్తకములో వ్రాయవలెను. షోలాపురములో భర్త మరమగ్గము మీదను, భార్య బీడీల చేట ముందును ఉన్న ఇండ్లు గలవు. అట్టి ఇంటి బిడ్డ ఏ యజమాని లెక్కలోను పడకుండ పోవును. ఆసు పోయు, కండెలు చుట్టు స్త్రీలను కూడ లెక్కలో చేర్చవలెను. లెక్క చేతిలో లేక అధికారి వద్దకు పోయినచో మాట నిలువదు.

రెండవది, ఉమ్మడి ఏర్పాటు. పదేసి, ఇరవయ్యేసి మంది పనివారు గల షెడ్లకు చట్టపు విధి తగులదు. కాని నాలుగైదు షెడ్ల యజమానులును, పక్కనున్న సహకార సంఘమును కలిసి ఒక గది, ఒక ఆయాతో మొదలు పెట్టుటకు అడ్డు లేదు. బ్రిటన్ షరతు ఇచ్చట అనుసరింపదగినది. ప్రతివారును ఖర్చులోను, నిర్వహణలోను పాలు పంచుకొనవలెను. సంఘములో తల్లులకు ఓటు ఉండవలెను.

మూడవది, ప్రభుత్వ సాయము. కేంద్ర ప్రభుత్వము 2022లో మిషన్ శక్తి క్రింద పాల్నా పేరుతో అంగన్‌వాడీలలోనే శిశుగృహములను చేర్చు పథకము ప్రకటించినది. నేతపేటలలోని అంగన్‌వాడీల పని గంటలు మగ్గపు గంటలకు సరిపోవునట్లు చేయవలెనని మన శాఖలు తమ తమ రాష్ట్ర ప్రభుత్వములకు విన్నపములు పంపవలెను. ఇంటి నేతవారిని జీతపు పట్టీ చూపమనక, నేతగాని గుర్తింపు కార్డునే ఆధారముగా తీసుకొనవలెనని అందులో వ్రాయవలెను.

శాఖల సమావేశములలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన పేటలో బిడ్డ కారణముగా తల్లి వారమునకు ఎన్ని గంటల నేత పోగొట్టుకొనుచున్నది? దాని మజూరి ఎంత?
2. మన షెడ్లలో 50 మంది పనివారు గల సంస్థలు ఎన్ని? వాటిలో శిశుగృహము ఉన్నవి ఎన్ని?
3. ఉమ్మడి శిశుగృహమునకు చోటు ఇయ్యగలవారెవరు? నెల ఖర్చులో ఎవరి పాలు ఎంత?
4. వోచరు పద్ధతి, ఖాతా పద్ధతి, చోటు ఇచ్చు పద్ధతి: ఈ మూటిలో ఇంటి మగ్గపు తల్లికి ఏది అందును? ఎందుచేత?

ఈ ప్రశ్నలకు వచ్చిన సమాధానములను, బిడ్డల లెక్కను శాఖల కార్యదర్శులు మాకు పంపగోరుచున్నాము. అన్ని చోట్ల లెక్కలు ఒకచోట చేర్చి ప్రకటించినచో, విన్నపము వ్రాయువారికి అదే బలము కాగలదు.